ఆరు ఫ్రేములు: పెళ్ళి కెమెరాతో బేస్‌బాల్ మైదానానికి

నేను తీసిన మొదటి బేస్‌బాల్ వీడియోలో ఆటగాడి ముఖం గులాబీ రేకుల మధ్య నుంచి పైకి తేలుతుంది. వెనక వేణువు వినిపిస్తుంది. తర్వాత అతని పేరు బంగారు అక్షరాల్లో గిర్రున తిరుగుతుంది. అతను మొదటి బంతి విసిరేసరికి నిమిషం దాటిపోతుంది. ఆ వీడియోని అమెరికాలో ఇరవై కాలేజీల కోచ్‌లకి పంపాం. ఒకే ఒక్క జవాబు వచ్చింది. "పెళ్ళెప్పుడు?" అని.

తెనాలిలో నాకు పెళ్ళి వీడియోల స్టూడియో ఉండేది. మా ఆవిడ విజయకి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట నేనూ కెమెరా సంచీ తగిలించుకుని వచ్చాను. అక్కడ మేముండే హారిస్‌డేల్ పేటలో మనవాళ్ళ గృహప్రవేశాలూ ఓణీల ఫంక్షన్లూ తీసుకుంటూ ఉండగా, ఎదురింటి గ్రాహం ఒకరోజు గేటు దగ్గర ఆపాడు. వృత్తికి ప్లంబరు. శని ఆదివారాల్లో బేస్‌బాల్ క్లబ్బులో పిల్లలకి కోచ్. నా పూర్తి పేరు ప్రసాద్ అయినా మొదటి రోజు నుంచీ "ప్రాస్" అనే పిలిచాడు.

"ప్రాస్, నువ్వు కెమెరా మనిషివి కదా. మా దగ్గర మంచి కుర్రాడొకడు ఉన్నాడు. అమెరికాలో కాలేజీలు బాగా ఆడే పిల్లల్ని ఏరి చేర్చుకుంటాయి, చదువుకి సాయం కూడా చేస్తాయి. కానీ పెర్త్ దాకా వచ్చి ఎవడు చూస్తాడు? వీడియో అయితే చూస్తారు. శనివారం వస్తావా?"

వెళ్ళాను. గులాబీ రేకులు వేశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అదే పని చేశాను, రేకులు లేకుండా.

నిరుడు మోకాళ్ళు మొరాయించడంతో కెమెరా దించేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు "అంకుల్, ఏమైనా చెప్పండి" అంటున్నారు. లెన్సులూ సాఫ్ట్‌వేర్లూ వాళ్ళకే నాకంటే బాగా తెలుసు. అందుకని అవి వదిలేసి, నేను తప్పులు చేసి నేర్చుకున్నవి రాస్తున్నాను.

కెమెరా లేకుండా నాలుగు శనివారాలు

"పెళ్ళెప్పుడు" జవాబు చదివి గ్రాహం కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "వచ్చే నాలుగు శనివారాలూ కెమెరా ఇంట్లో పెట్టి రా" అన్నాడు.

బ్యాటర్ వెనక ఇనుప వల ఉంటుంది. ఆ వల వెనక రెండు మడత కుర్చీలు వేసి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ప్రతి బంతికీ ఒకటే ప్రశ్న.

"ఏం చూశావు?"

"బంతి."

"బంతిని అందరూ చూస్తారు. పాదాలు చూడు."

మరో బంతి.

"ఇప్పుడు?"

"కుర్రాడి మొహం. బాగా పట్టుదలగా ఉన్నాడు."

"మొహంతో ఎవడూ బంతి విసరడు, ప్రాస్."

"మా పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి మొహం చూపించకపోతే ఊరుకోరు" అన్నాను.

"ఇక్కడ పాదాలే పెళ్ళికూతురు" అన్నాడు.

మూడో శనివారం నాటికి నాకు ఆట కొంచెం అర్థమైంది. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడని, పరుగెత్తి వరసగా చేరాల్సిన నాలుగు గుర్తులే బేస్‌లని, క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడని, కానీ ప్రతి బంతికీ వాడికి పని ఉంటుందని తెలిసింది. నాలుగో శనివారం కోచ్‌లు ఏం వెతుకుతారో తెలిసింది. వాళ్ళకి తల నుంచి పాదం దాకా మనిషి మొత్తం కనిపించాలి. పాట అక్కర్లేదు. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు వినాలి, ఎందుకంటే ఆ చప్పుడే వాళ్ళకి చాలా చెబుతుంది. మొదట్లోనే పేరు, ఎత్తు, స్కూలు ఎప్పుడు పూర్తవుతుందో చెప్పేసి నేరుగా ఆటలోకి వెళ్ళిపోవాలి. వీడియో మూడు నిమిషాలు దాటకూడదు.

చెప్పడానికి తేలిక. పెళ్ళిళ్ళు తీసిన చెయ్యి మాట వినదు. ఒక ఏడాది పాటు, కుర్రాడు పరుగెత్తుతుంటే నా వేలు దానంతటదే జూమ్ మీదికి వెళ్ళేది. గ్రాహం పక్కనుంచి "పాదాలు!" అని అరిచేవాడు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేను తీసిన పిల్లల్లో ఎక్కువమందికి ఏ కాలేజీ నుంచీ పిలుపు రాలేదు. ఇది మీరు మొదటి రోజే తల్లిదండ్రులకి చెప్పాలి, మొహమాటపడకూడదు. చెబితే సగంమంది వేరే వీడియో మనిషిని వెతుక్కుంటారు. వెళ్ళనివ్వండి. మిగిలిన సగంతో పని హాయిగా ఉంటుంది. పిలుపు రాని పిల్లలు కూడా శనివారం ఉదయాలు మానలేదు, ఇప్పటికీ ఆడుతున్నారు. నేను ఎదురుపడితే బ్యాటు ఊపుతారు.

రెస్పెక్టెడ్ సర్

వీడియోతో పాటు కోచ్‌కి ఉత్తరం వెళుతుంది. ఆ ఉత్తరం ఆటగాడే రాయాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు.

నిఖిల్ సంగతి ఇక్కడే మొదలవుతుంది. నిఖిల్ మా క్లబ్బులో క్యాచర్, ఇక్కడే పుట్టినవాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తాడు. వాళ్ళ నాన్న శ్రీనివాస్‌ది కరీంనగర్. చదువుకోవడానికి వచ్చి, స్థిరపడి, సిటీ బస్సు నడిపేవాడు. తన బస్సు ఎప్పుడూ ఆలస్యం కాలేదని గర్వంగా చెప్పుకునేవాడు. తల్లి లత పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసేది.

వీడియో అనుకున్న మర్నాడే శ్రీనివాస్ రెండు పేజీల కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, గీ లెటర్ నేనే రాసిన. జర చూడు."

"రెస్పెక్టెడ్ సర్" అని మొదలైంది. కొడుకు మార్కులు, క్రమశిక్షణ, ఆరోగ్యం, శాకాహారం, మాంసాహారం రెండూ తింటాడన్న విషయం, అన్నీ ఉన్నాయి. చివర "యువర్స్ ఒబీడియంట్‌లీ". బేస్‌బాల్ ప్రస్తావన రెండో పేజీలో వచ్చింది.

"శ్రీనివాస్ గారూ, చాలా బాగా రాశారు. కానీ ఇది నిఖిల్ రాయాలి" అన్నాను.

"వాడు రాస్తే నాలుగు లైన్లు రాస్తడన్నా."

"నాలుగే చాలు."

"మరి నేను ఆ కోచ్‌తోని మాట్లాడొద్దా?"

"ఆయన అడిగితే తప్ప వద్దు."

మొహం చిన్నబుచ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు. నిఖిల్ నిజంగానే నాలుగు లైన్లు రాశాడు. తన పేరు, తను క్యాచర్ అని, వీడియో ఇక్కడుందని, చూసినందుకు కృతజ్ఞతలని. అంతకంటే మంచి ఉత్తరం నా ఇరవై ఏళ్ళలో నేను చూడలేదు.

ఆరు ఫ్రేములు

క్యాచర్‌లో కోచ్‌లు ముఖ్యంగా చూసేది ఒకటుంది. బంతి వాడి గ్లవ్‌లో టప్‌మని పడిన క్షణం నుంచి, వాడు దాన్ని తీసి విసిరితే అది రెండో బేస్ దగ్గరున్నవాడి చేతిలో పడే క్షణం దాకా ఎంత పట్టింది అని. ఆ లోపే అవతలి జట్టువాడు పరుగెత్తి ఆ బేస్ చేరిపోతే అవుట్ కాడు. రెండు సెకన్లకి అటూ ఇటూ ఉంటుంది. ఆ అటూ ఇటూలోనే పిల్లల జీవితాలు మారతాయి.

నిఖిల్ చేత అలాంటి విసుర్లు ఐదు వేయించి రెండు కెమెరాలతో తీశాను. ఒకటి వల వెనక స్టాండు మీద, రెండోది పక్కనుంచి నా చేతిలో. అదే రోజు జరిగిన మ్యాచ్ మొత్తం స్టాండు కెమెరా రికార్డు చేసింది. అందులోంచి మంచివి ఏరి, అన్నీ కలిపి మూడు నిమిషాల వీడియో చేశాను. పదిహేను కాలేజీలకి నిఖిల్ పంపాడు.

వారం తిరక్కుండా అమెరికా మధ్య రాష్ట్రాల్లోని ఒక చిన్న కాలేజీ కోచ్ నుంచి జవాబు వచ్చింది. శ్రీనివాస్ ఫోన్ చేసి అరిచినంత పని చేశాడు. మర్నాడు బడి అవగానే నిఖిల్ యూనిఫారంతోనే సైకిల్ వేసుకుని మా ఇంటికి వచ్చాడు. వాడి మొహంలో సంతోషం లేదు. ఫోన్ నా చేతికిచ్చాడు. కోచ్ ఇలా రాశాడు: "నీ విసురు ఒకటీ పాయింట్ ఎనభై ఆరు సెకన్లు వస్తోంది. మూడుసార్లు కొలిచాను. మా జట్టులో పెద్దవాళ్ళకి కూడా అంత వేగం లేదు. ఇది నిజమేనా?"

"అంకుల్, డిడ్ యూ స్పీడ్ ఇట్ అప్?" అన్నాడు నిఖిల్.

నాకు ఒళ్ళు మండింది. "నేనా? ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఎప్పుడైనా అలాంటి పని చేశానా?"

"సారీ అంకుల్. బట్ ఐయామ్ నాట్ దట్ క్విక్. టూ పాయింట్ వన్, ఆన్ ఎ గుడ్ డే." తర్వాత తెలుగులో అన్నాడు, "నాకు తెలుసు."

ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. అసలు రికార్డింగు ఒక పక్క, నేను చేసిన వీడియో ఒక పక్క పెట్టి ఒక్కొక్క ఫ్రేమే జరిపాం. మొదటి విసురులోనే బయటపడింది. బంతి గ్లవ్‌లో పడటం స్టాండు కెమెరాలోంచి చూపించి, వాడు దాన్ని బయటికి తియ్యగానే పక్క కెమెరాకి మార్చాను. ఆ మార్చిన చోట ఆరు ఫ్రేములు, అంటే దాదాపు పావు సెకను, లేవు. బంతి తీసేటప్పుడు నిఖిల్ వేళ్ళు రవ్వంత తడబడతాయి. ఆ తడబాటునే నేను కోసేశాను.

వేగం పెంచాలని కాదు. దేవుడి మీద ఒట్టు, ఆ ఆలోచనే నాకు లేదు. పెళ్ళిళ్ళలో మూడు ముళ్ళు వేసేటప్పుడు పెళ్ళికొడుకు వేళ్ళు తడబడితే ఆ ముక్క తీసేసి రెండో కెమెరా అతికించేవాణ్ణి. ఏ పెళ్ళికొడుకూ ఫిర్యాదు చెయ్యలేదు. చెయ్యి తన అలవాటు ప్రకారం తను చేసుకుపోయింది.

"సిక్స్" అన్నాడు నిఖిల్. తర్వాతి విసురుకి "ఫైవ్". తర్వాత "సిక్స్, సెవెన్, సిక్స్." లెక్కపెట్టడం అయ్యాక వాడు ఆ అంకెలన్నీ కాగితం మీద వరసగా రాసుకున్నాడు. పదిహేను కాలేజీల్లో ఆ కుర్రాడి పేరు మీద అబద్ధం తిరుగుతోంది. అది నా చేత్తో చేసింది.

సాయంత్రం శ్రీనివాస్ వచ్చాడు. సంగతి చెబితే కుర్చీలో కూలబడ్డాడు.

"అన్నా, గిప్పుడు చెప్తే మా పోరని పేరు ఖరాబైతది గదా. ఊకుందాం. ఆడికి పొయ్యేటాళ్ళకు వాడు స్పీడ్ పెంచుకుంటడు."

"నో, నాన్నా" అన్నాడు నిఖిల్. "హి హాజ్ ఎ స్టాప్‌వాచ్."

విజయ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి అంతా వింటోంది. "మా వార్డులో మందు మోతాదు తప్పు పడితే ఏం చేస్తామో తెలుసా అండీ? ముందు పేషెంటుకి చెబుతాం, ఆ వెంటనే డాక్టరుకి. అంతేగానీ కాగితం దిద్దం. మీరు పేషెంటుకి చెప్పారు. ఇక డాక్టరుకి రాయండి" అంది.

గ్రాహం దగ్గరికి కూడా వెళ్ళాను. ఆ రోజు నవ్వలేదు. "ఆయన నీ మీద కోపంతో ఆ కుర్రాణ్ణి వదిలేస్తే, అది నువ్వు జీవితాంతం మొయ్యాలి. అయినా రాయి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నాతో అంత కఠినంగా మాట్లాడింది అదొక్కసారే. సరైన మాట.

నా పేరుతో నేనే రాశాను. ఏ చోట ఎన్ని ఫ్రేములు పోయాయో, ఎందుకు పోయాయో, నేను పెళ్ళిళ్ళు తీసేవాణ్ణన్న సంగతితో సహా రాశాను. తప్పు పూర్తిగా నాదని, కుర్రాడే పట్టుకున్నాడని రాశాను. ఆ రోజు తీసిందంతా, మ్యాచ్ మొత్తం, ఒక్క ఫ్రేము కూడా కొయ్యకుండా జత చేశాను. రెండున్నర గంటలు. మిగతా పద్నాలుగు కాలేజీలకీ అదే ఉత్తరం వెళ్ళింది. పంపే ముందు నిఖిల్ కింద రెండు లైన్లు చేర్చాడు: "నా అసలు సమయం రెండూ పాయింట్ ఒకటి. తగ్గించుకోవడానికి పని చేస్తున్నాను. అంకుల్ మంచివాడు."

ఆ చివరి మాట చదివి నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు నీళ్ళు తాగుతూ నిలబడ్డాను.

"రెండున్నర గంటలు ఎవడు చూస్తాడు ప్రాస్?" అన్నాడు గ్రాహం. మూడు వారాలు ఏ జవాబూ రాలేదు.

తొమ్మిదేళ్ళలోపు పిల్లల మ్యాచ్

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను, కంగారు పడకండి. నిఖిల్ ఆ చిన్న కాలేజీకే వెళ్ళాడు. ఆడాడు, డిగ్రీ పూర్తిచేశాడు, తిరిగి వచ్చి ఇప్పుడు ఇక్కడే ఒక బళ్ళో వ్యాయామం టీచరుగా ఉన్నాడు. రెండూ పాయింట్ ఒకటిని రెండుకి దింపగలిగాడు. అంతకంటే దిగలేదు. కానీ ఇదంతా ఖాయమైన శనివారం గురించి రాయకుండా ఉండలేను. నా ఉద్యోగంలో అంత సంతోషమైన రోజు ఇంకొకటి లేదు.

మా క్లబ్బులో పొద్దున తొమ్మిదేళ్ళలోపు పిల్లల మ్యాచ్‌లు ఉంటాయి. వాటికి పెద్ద కుర్రాళ్ళే అంపైర్లు. ఆ వేళ నిఖిల్ వంతు. ఫోన్ వాళ్ళ నాన్నకిచ్చి మైదానంలోకి వెళ్ళాడు. నేనూ గ్రాహం వల వెనక మడత కుర్చీల్లో కూర్చున్నాం. శ్రీనివాస్, లత పక్కనే నిలబడ్డారు. ఫోన్ మోగింది. వీడియో కాల్. తెరమీద అమెరికా నంబరు.

"అన్నా! ఆయనే! ఎత్తాల్నా?"

"ఎత్తండి, ఎత్తండి!"

తెరమీద టోపీ పెట్టుకున్న ఒక నెరిసిన గడ్డం మనిషి కనిపించాడు. నిఖిల్ ఉన్నాడా అని అడిగాడు. శ్రీనివాస్ మైదానంలోకి చెయ్యి ఊపాడు. నిఖిల్ చూశాడు. ఫోన్ వంక చూసి, బ్యాటు పట్టుకున్న పిల్లాడి వంక చూసి, అడ్డంగా తల ఊపి మళ్ళీ వంగి నిలబడ్డాడు.

శ్రీనివాస్ ఫోన్ మళ్ళీ మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. "సర్, టూ మినిట్స్. హి ఈజ్ అంపైర్ నౌ."

"టేక్ యువర్ టైమ్" అన్నాడు కోచ్.

రెండు నిమిషాల్లో అయ్యే పని కాదది. ఆ వయసు పిల్లలకి బంతి తగలదు. తగిలితే పక్కకి పోతుంది. మళ్ళీ వెయ్యాలి. ఒకడు బూటు లేసు కట్టమని చెయ్యెత్తాడు. ఇంకొకడికి బాత్రూం వచ్చింది. కోచ్ అడిగితే తప్ప మాట్లాడొద్దని నేను కట్టడి చేసిన శ్రీనివాసే ఇప్పుడు ఒక్కడూ ఆయన్ని మాటల్లో పెట్టాల్సి వచ్చింది. వాతావరణం అయిపోయింది, బస్సు సంగతి అయిపోయింది. ఇక తట్టక, "సర్, హాడ్ యువర్ డిన్నర్?" అన్నాడు.

"నాట్ యెట్."

లత ఫోన్ లాక్కుంది. "వై నాట్ సర్? ఇట్స్ సెవెన్ దేర్, నో?"

గ్రాహం మొహానికి టోపీ అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను. ఆయన నన్ను అడుగుతాడేమోనని నా భయం నాది.

చివరికి ముగ్గురు అవుటై, బ్యాటింగ్ చేస్తున్న జట్టు వంతు అయిపోయింది. నిఖిల్ పరుగున వచ్చి ఫోన్ తీసుకున్నాడు. "సారీ కోచ్."

"రెండున్నర గంటలూ చూశాను" అన్నాడు కోచ్. "విసురు రెండూ పాయింట్ ఒకటే, నువ్వు చెప్పినట్టే. ఒకటి అడగాలి. ఐదో ఇన్నింగ్స్‌లో మీ పిచర్ ఏడుపు మొహం పెట్టాడు. నువ్వు వాడి దగ్గరికి నడిచి వెళ్ళి ఏదో అన్నావు. వాడు నవ్వాడు. తర్వాత ముగ్గుర్నీ వరసగా అవుట్ చేశాడు. ఏమన్నావు?"

నిఖిల్ తల్లి వైపు చూసి సిగ్గుపడ్డాడు. "మా అమ్మ సకినాలు తెచ్చింది. ఒక్క డబ్బానే ఉంది. త్వరగా అవుట్ చేస్తే వాళ్ళకంటే ముందు మనం తినొచ్చు అన్నాను."

సకినం అంటే ఏమిటో కోచ్‌కి లత వివరించింది. బియ్యప్పిండి, నువ్వులు, వాము, చేత్తో చుట్టలు తిప్పడం దాకా వెళ్ళింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"విసరడం నేను నేర్పుతాను" అన్నాడు తర్వాత. "ఏడ్చే పిచర్‌ని నవ్వించడం నాకు నేర్పడం రాదు. మా దగ్గరికి వస్తావా?"

"యెస్, కోచ్" అన్నాడు నిఖిల్. "థాంక్యూ. యెస్. ఐ హావ్ టు గో, దే ఆర్ వెయిటింగ్."

ఫోన్ తండ్రి చేతిలో పెట్టి మాస్కు తగిలించుకుని పరుగెత్తాడు.

శ్రీనివాస్ కేక పెట్టాడు. మైదానం అంతా వినిపించింది. "అన్నా, రమ్మన్నడే! మా పోరన్ని రమ్మన్నడు!" లత నవ్వుతూ ఏడుస్తూ గ్రాహాన్ని కౌగిలించుకుంది. ప్లంబరు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లో పెట్టుకున్నాడు.

ఫోన్లోంచి గొంతు వినిపించింది. కోచ్ ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"ఎవరు ఆడుతున్నారిప్పుడు? నాకు చూపించండి."

శ్రీనివాస్ ఫోన్‌ని మైదానం వైపు తిప్పాడు. "అడ్డంగా పట్టుకోండి" అన్నాను. ఆ వేళ నేను చేసిన పని అంతే.

బ్యాటు పట్టుకున్నది అందరికంటే చిన్నపిల్ల. హెల్మెట్ కళ్ళమీదికి జారుతోంది. దాన్ని పైకి తోసుకుని ఊపింది. తగిలింది. బంతి గడ్డిలో నాలుగడుగులు దొర్లింది. అవతలి జట్టు పిల్లలు తొమ్మిదిమందీ దానిమీదికి ఒకేసారి దూకి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఆ పిల్ల హెల్మెట్ చేత్తో పట్టుకుని మొదటి బేస్ వైపు పరుగెత్తింది. ఎవరూ బంతి విసరకముందే చేరింది. నిఖిల్ రెండు చేతులూ బారుగా చాపి "సేఫ్!" అని అరిచాడు. అమెరికా నుంచి చప్పట్లు వినిపించాయి.